ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు (మనోబలం)

అఖిల భారత కాలువల శాఖల మారథాన్‌లో రాష్ట్ర మహిళా జట్టు వరుసగా మూడోసారి అందరికన్నా వెనక వచ్చాక, కారణాలు కనుక్కోడానికి శాఖ ఒక కమిటీని వేసింది. కమిటీ పదకొండు నెలలు పనిచేసింది. కాళ్ళను పరీక్షించింది, బాగున్నాయి. ఊపిరితిత్తులను పరీక్షించింది, అవీ బాగున్నాయి. బూట్లను కూడా పరీక్షించాలనుకుంది గానీ అవి ఇంకా సరఫరా కాలేదు. మిగిలింది మనసొక్కటే కాబట్టి లోపం అక్కడే ఉందని ఏకగ్రీవంగా తేల్చింది.

మనసు కోసం ఒక విభాగం ఏర్పడింది. కొత్త పోస్టు పుట్టించడం మాటలు కాదు, అందుకని ఉన్న ఇంజనీర్లలో ఒకరికి అదనపు బాధ్యత ఇచ్చారు. చామర్తి సూర్యప్రకాశంగారు ఏడేళ్ళుగా ఒక రిజర్వాయరుకు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. ఆ రిజర్వాయరు ఇంకా లేదు, ఎక్కడ ఉండాలో కూడా తేలలేదు. లేని రిజర్వాయరును ఏడేళ్ళపాటు ఒక్క ఫిర్యాదు రాకుండా నిర్వహించిన మనిషి గనక, కంటికి కనబడని మనసును ఆయనకే అప్పగించడం సబబని పైవాళ్ళు భావించారు. ఆయన గది తలుపు మీద కొత్త బోర్డు వెలిసింది: ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు (మనోబలం).

మొదటి పనిగా ఆయన నగరం నుంచి ఒక క్రీడా మనస్తత్వ నిపుణుణ్ణి పిలిపించారు. పాపం, ఆ నిపుణుడు చెప్పినవన్నీ సబబైన మాటలే. దూరాన్ని ముక్కలుగా చేసుకోమన్నాడు. కష్టం వచ్చినప్పుడు తమతో తాము మాట్లాడుకోమన్నాడు. పరుగును ముందే ఒకసారి కళ్ళు మూసుకుని ఊహించుకుంటే మంచిదన్నాడు. ఆయన రైలెక్కిన మర్నాడే ఈ మూడు మాటలూ ఉత్తర్వులుగా మారి, నంబర్లు తగిలించుకుని, అన్ని డివిజన్లకూ బయలుదేరాయి.

అందులో ఒక ప్రతి రాయవలస సెక్షన్ ఆఫీసు గోడకు అతికించారు. దాన్ని నిలబడి రెండుసార్లు చదివిన మనిషి మజ్జి పైడితల్లి.

పైడితల్లి కుడి కాలువ మీద పదకొండో కిలోమీటరు నుంచి పంతొమ్మిదో కిలోమీటరు దాకా లస్కరు. లస్కరంటే గట్టు వెంట నడిచి, గండ్లు పడ్డాయేమో చూసి, తూముల దగ్గర నీటిమట్టం కొలిచి పుస్తకంలో ఎక్కించాల్సిన మనిషి. చాలామంది ఆ అంకెల్ని ఇంట్లో మంచం మీద కూర్చుని ఎక్కిస్తారు. నీళ్ళు ఎప్పుడూ అభ్యంతరం చెప్పలేదు. పైడితల్లి మాత్రం చూడకుండా అంకె రాయదు. అదేదో గొప్ప గుణమని ఆమె అనుకోదు. చూడనిదాన్ని రాయబోతే చెయ్యి కదలదు, అంతే. పిల్లల బడి వేళకు ఇంటికి చేరాలి గనక, నడవాల్సిన దూరాన్ని పరిగెత్తడం మొదలుపెట్టింది. అలా తొమ్మిదేళ్ళు.

గత రెండు ఎంపికల్లోనూ ఆమె నాలుగో స్థానంలో వచ్చింది. జట్టులో ముగ్గురే. ఒకసారి తొమ్మిది సెకన్లతో పోయింది, ఒకసారి నాలుగు సెకన్లతో. పోటీ మూడేళ్ళకోసారి జరుగుతుంది. ఇప్పుడు ఆమెకు ముప్పై నాలుగు. మోకాళ్ళు ఇప్పటికే పొద్దున్న లేవగానే తమ అభిప్రాయం చెబుతున్నాయి. ఈసారి లేకపోతే ఇక లేదు. ఈ లోకంలో తనకేం కావాలో రాసుకోమంటే ఆమె జాబితా ఒక్క వరసలో అయిపోతుంది: ఆ జట్టులో ఉండాలి, ఆ నలభై రెండు కిలోమీటర్లు అందరితో కలిసి పరిగెత్తాలి.

ఇక ఆమె తలలో ఏం జరుగుతుందన్న సంగతి. ముప్పై కిలోమీటర్ల దాకా ఏమీ జరగదు. అక్కడ నిశ్శబ్దం ఉంటుంది, అడుగుల చప్పుడు ఉంటుంది, అప్పుడప్పుడూ ఒక గేదె ఉంటుంది. ముప్పై దాటాక కాళ్ళు బండలవుతాయి. సరిగ్గా అప్పుడు ఆమె తలలోకి వదిన వస్తుంది.

వదిన అంటే భర్తకు అక్క, అప్పలకొండ. పదకొండేళ్ళ కిందట ఇరవైమంది చుట్టాల ముందు, "చేపల పులుసులో కాలవ నీళ్ళు కలిపీసినావేటే" అంది. ఆ రోజు పైడితల్లి తల దించుకుని గిన్నెలు తోముకుంది. ఆ తర్వాత కూడా ఏ మాటన్నా తల దించుకునే ఉంది. ముప్పయ్యో కిలోమీటరు దగ్గర మాత్రం జవాబు చెబుతుంది. ఒక జవాబుకు వదిన ఇంకో మాట అంటుంది, దానికి ఇంకో జవాబు. అలా పన్నెండు కిలోమీటర్ల గొడవ. చివరికి ప్రతిసారీ పైడితల్లే గెలుస్తుంది. గీత దాటగానే వదిన మాయమవుతుంది, కోపం కూడా ఆవిడతోపాటే పోతుంది. ఆ సాయంత్రం వదిన ఇంటికొస్తే టీ గ్లాసు ముందు ఆవిడ చేతికే ఇస్తుంది. మనసు ఇలాంటి ఏర్పాట్లు తనంతట తాను చేసుకుంటుంది. ఎవరి ఆమోదమూ అడగదు.

అడగకపోవడమే తప్పని ఇప్పుడు తెలిసింది.

*

ఆశావహుల సమావేశంలో సూర్యప్రకాశంగారు ముందుగా బోర్డు మీద ఒక కాలువ గీశారు. ఆయన ఏది చెప్పాలన్నా కాలువ గీసే చెబుతారు.

"ఇది హెడ్ రెగ్యులేటరు, కాలువకు నీళ్ళు వదిలే చోటు. పరుగు మొదట్లో మనోబలాన్ని ఇక్కడ పూర్తి స్థాయిలో విడుదల చేస్తున్నాం. ముప్పై కిలోమీటర్ల వరకు ప్రవాహం సంతృప్తికరం. ఆ తర్వాతది చివరి ఆయకట్టు. అక్కడికి చుక్క అందడం లేదు. మరి మధ్యలో ఎటు పోతున్నట్టు?"

ఆయన గీసిన కాలువ అడుగున సుద్దముక్కతో వరసగా చుక్కలు పెట్టారు.

"సీపేజీ," అన్నారాయన. "అనుమతి లేని ఆలోచనల ద్వారా మనోబలం ఇంకిపోతోంది. ఇకనుంచి మనసుకు సిమెంటు లైనింగు వేస్తున్నాం."

ఆమోదించిన ఆలోచనల జాబితా పంచిపెట్టారు. మొత్తం పద్దెనిమిది. బేసి కిలోమీటర్లలో ఒకటి, సరి కిలోమీటర్లలో ఒకటి, వంతుల వారీగా అనుకోవాలి. మొదటిది: నేను బలమైన వ్యక్తిని. రెండోది: నొప్పి తాత్కాలికం.

వెనక బెంచీలోంచి ఒక లస్కరు లేచి నిలబడింది. "సార్, తాత్కాలికమంతే ఎన్నాళ్ళండి? నన్ను తాత్కాలికమనీసి ఏసి పద్నాలుగేళ్ళయింది."

"నొప్పిని క్రమబద్ధీకరించే ప్రతిపాదన ఏదీ ప్రస్తుతం పరిశీలనలో లేదు," అన్నారు సూర్యప్రకాశంగారు. ఆమె కుదుటపడి కూర్చుంది.

జట్టు కోచ్ పిన్నింటి దాలినాయుడు గొంతు సవరించుకున్నాడు. వర్క్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషి, మోపెడ్ మీద పరుగువాళ్ళ పక్కనే వస్తూ తిట్టడం ఆయన శిక్షణ పద్ధతి.

"సార్, ఆళ్ళు పరిగెడతన్నప్పుడు ఏటనుకుంతే మనకేటండి? ఎంతసేపట్లో వొచ్చినారో సూసుకుంతే సాలదా?"

"దాలినాయుడుగారూ, కాలువలో ఏం పారుతోందో చూడకుండా చివర పంట పండిందా లేదా అని మాత్రం చూసుకుంటే చాలుతుందా?"

చాలుతుందనే దాలినాయుడికి అనిపించింది. కానీ ఆయన పింఛను కాగితాలు ఇంకా ఆ ఆఫీసులోనే తిరుగుతున్నాయి. కూర్చున్నాడు.

ఆ తర్వాత అందరికీ ఫారం-7 ఇచ్చారు: కిలోమీటరువారీ ఆలోచనల నివేదిక. ఇప్పటిదాకా ఏమనుకుంటూ పరిగెత్తారో నిజాయితీగా నింపాలి. మిగతావాళ్ళు పక్కనున్న జాబితా చూసి నింపారు. పైడితల్లి ఒకటి నుంచి ముప్పై దాకా "ఏమీ లేదు" అని ముప్పైసార్లు రాసింది. ముప్పై ఒకటి నుంచి నలభై రెండు దాకా "గొడవ" అని పన్నెండుసార్లు రాసింది.

మూడో రోజున పిలుపొచ్చింది.

సూర్యప్రకాశంగారి పక్కన సూపరింటెండెంటు ధర్మవరపు లలితాకుమారి ఫైలు పట్టుకుని కూర్చుని ఉంది. యాభై ఆరేళ్ళ మనిషి. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి గనక ఆమె దగ్గరికి ఫైళ్ళే నడిచి వస్తాయి.

"ముప్పై కిలోమీటర్లు ఏమీ లేదంటే ఎలా అమ్మా?" అన్నారు సూర్యప్రకాశంగారు. "ఏమీ లేకపోవడం అనే ఆలోచన జాబితాలో లేదు."

"ఆలోసన నేదండి బాబూ. అందికే అలగ రాసినాను."

"నిల్ అని చూపిద్దాం సార్," అంది లలితాకుమారి. "నిల్ రిపోర్టు పంపే ఆనవాయితీ మనకుంది."

"మంచిది. మరి ఈ గొడవ ఎవరితో?"

"మా వొదినతోటండి."

"ఆవిడ శాఖ ఉద్యోగినా?"

"కాదండి. ఇంటికాడే ఉంతాది."

సూర్యప్రకాశంగారు కళ్ళజోడు తీశారు. "అంటే శాఖాపరమైన పరుగులోకి ఒక బయటి వ్యక్తిని పన్నెండు కిలోమీటర్లు ప్రవేశపెడుతున్నావు. ఆవిడ అనుమతి తీసుకున్నావా?"

"ఆవిడికి తెల్దండి."

"తెలియకుండా వాడుకుంటున్నావన్నమాట."

పైడితల్లి ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు. నిజమే కదా అనిపించింది. తన తలలో తాను దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు చెవులు వేడెక్కాయి.

"ఆవిణ్ణి మానేసి జాబితాలోని ఆలోచన ఏదైనా పెట్టుకో."

"నాను పిలస్తన్నానేటండి మానీడానికి? అదే వొచ్చెత్తాది."

"అయితే నిరభ్యంతర పత్రం తీసుకురా. లేకపోతే నిన్ను ఎంపికకు అనుమతించడం కష్టం."

ఆ వారంలో నిరభ్యంతర పత్రాల నియమం అందరికీ వర్తింపజేశారు. ఊహలో ఎవరు కనబడాలన్నా వాళ్ళ సంతకం కావాలి. ముందున్న మనిషిని దాటిపోతున్నట్టు ఊహించుకునే ఇద్దరు ఒకరికొకరు సంతకాలు పెట్టడానికి నిరాకరించి మాట్లాడుకోవడం మానేశారు. చనిపోయిన తండ్రిని తలచుకునే అమ్మాయిని వారసత్వ ధ్రువపత్రం తెమ్మన్నారు. అమ్మవారిని తలచుకునేవాళ్ళ ఫైలు దేవుళ్ళ సంగతి చూసే శాఖకు వెళ్ళింది, తిరిగి రాలేదు.

*

అప్పలకొండ ఇల్లు రెండు వీధుల అవతల. ఆవిడ గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పైడితల్లి ఫారం పట్టుకుని ఎదురుగా కూర్చుంది. విషయం చెప్పడానికి చాలాసేపు పట్టింది.

"నీ బుర్రలోనా? నానా?"

"అవునొదినా."

"అక్కడ నానేటి సేస్తన్నాను?"

"ఏటి సేత్తావు. మామూలే. ఆడిపోసుకుంతావు."

"మరి నువ్వు?"

"జవాబు సెప్తాను."

అప్పలకొండ చేతిలోని గింజ కిందపడింది. "నువ్వా," అంది. "నోట్లో ముద్దుంతే మింగడానికి కూడా బయపడతావు. నువ్వు జవాబు సెప్తావా? ఎన్నాళ్ళ బట్టి?"

"తొమ్మిదేళ్ళయింది."

"తొమ్మిదేళ్ళ బట్టి నాతోటి గొడవ పడతన్నావు, నాకొక్క ముక్క సెప్పనేదు." ఆవిడ గొంతులో నిజంగానే నొచ్చుకున్న జీర ఉంది. పండగకు పిలవకుండా తిన్నట్టు చూసింది. "సరే, ఎవులు గెలస్తారు?"

పైడితల్లి చింతపండు వైపు చూసింది.

"ఎవులు గెలస్తారని అడుగుతన్నాను పైడీ."

"నానే."

"పెతీసారా?"

"పెతీసారి."

"బాగుందే. నన్ను ఊళ్ళమ్మట లాక్కుపోయి, పన్నెండు కిలోమీటర్లు పరిగెట్టించి, ఆకర్న ఓడించీసి ఇంటికాడ దిగబెట్టెత్తన్నావా? ఇలాటియ్యి ఆ కాయితం."

ఫారంలో కింద ఒక గడి ఉంది: షరతులు ఏవైనా ఉంటే. అప్పలకొండ అయిదో తరగతి దాకా చదివింది. పెన్ను గట్టిగా ఒత్తి పట్టుకుని, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ రాసింది: గొడవలో నేను గెలవాలి.

"వొదినా, అలగైతే..."

"ఇష్టమైతే అట్టుకెళ్ళు. నేకపోతే నీ బుర్రలోంచి నన్ను దింపీ."

సూర్యప్రకాశంగారికి ఆ పత్రం చాలా నచ్చింది. "షరతులతో కూడిన అనుమతి. ఎంత స్పష్టంగా రాశారో చూడండి. ఇలాంటివాళ్ళు శాఖలో ఉండాలి," అని ఎంపికకు మంజూరు చేశారు.

*

ఎంపిక పరుగు మామూలుగా కాలువ గట్టు రోడ్డు మీద జరుగుతుంది. ఈసారి ఆ రోడ్డు మూయడానికి అనుమతి రాలేదు. సూర్యప్రకాశంగారు కంగారు పడలేదు. నిపుణుడి మూడో మాట ఉండనే ఉంది. ఊహలోని రోడ్డుకు పోలీసుల అనుమతి అక్కర్లేదు, అది పూర్తిగా శాఖ పరిధిలోనే ఉంటుంది. అందుకని ఎంపికను సర్కిల్ ఆఫీసు కాన్ఫరెన్సు హాల్లో, చేతుల కుర్చీల మీద జరిపించాలని ఉత్తర్వు వేశారు. అభ్యర్థులు కళ్ళు మూసుకుని నలభై రెండు కిలోమీటర్లూ ఊహలో పరిగెత్తాలి. గీత దాటగానే చెయ్యెత్తాలి. మొదట చెయ్యెత్తిన ముగ్గురూ జట్టు. ఊహకు శారీరక అర్హతలు లేవు గనక ఆఫీసు మహిళా సిబ్బంది కూడా పాల్గొనవచ్చు.

ఇరవైముగ్గురు కూర్చున్నారు. ఉదయం తొమ్మిదికి దాలినాయుడు విజిల్ వేశాడు. ఆయన మొహం చూస్తే సొంత పెళ్ళిలో ఇంకొకడు తాళి కడుతున్నట్టుంది.

తొమ్మిదీ నలభై ఒకటికి లలితాకుమారి చెయ్యెత్తింది.

"పూర్తయిందా మేడమ్?" అన్నారు సూర్యప్రకాశంగారు.

"అయింది సార్. గాలి అనుకూలంగా ఉంది."

"ఎక్కడైనా ఇబ్బంది?"

"మోకాళ్ళ వల్ల రెండు చోట్ల ఆగాను. లేకపోతే ఇంకా ముందే వచ్చేదాన్ని."

దాలినాయుడు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "సార్, నలబై ఒక్క నిమసంలో మారథాన్ గుర్రం కూడా పరిగెట్టదండి."

"నిబంధనల్లో కనీస సమయం అని ఎక్కడా లేదు. రికార్డు ప్రకారం ఆవిడ చేరుకున్నారు. చివరి ఆయకట్టుకు నీళ్ళు కూడా రికార్డు ప్రకారమే చేరుతున్నాయి. ఎవరైనా కాదన్నారా?"

నలభై నాలుగో నిమిషంలో టైపిస్టు, యాభై రెండో నిమిషంలో డిస్పాచ్ గుమాస్తా చెయ్యెత్తారు. జట్టు ఖాయమైంది. ఆ సంగతి అర్థమై మిగతావాళ్ళు ఒక్కొక్కరే కళ్ళు తెరిచి లేచారు. నాలుగో చెయ్యి ఎత్తడానికి కారణమేమీ లేదు.

పైడితల్లి ఇవేవీ చూడలేదు. అప్పటికి ఆమె పదకొండో కిలోమీటరు దగ్గర, తన సొంత తూము పక్కనుంచి పోతోంది. ఊహించుకోవడం అంటే వేరేగా ఎలా చేస్తారో ఆమెకు తెలియదు. రోడ్డు ఎంత ఉందో అంతా వచ్చింది. గట్టు మీద గుంటలు వచ్చాయి, కుడికాలి మడమ మంట వచ్చింది. ఇరవై రెండో కిలోమీటరు దగ్గర పులిహోర వాసన వచ్చింది. అది ఊహ కాదు, హాల్లో ఫలహారం పొట్లాలు పంచుతున్నారు. ముప్పై దాకా తలలో ఏమీ లేదు. కుర్చీలో కాళ్ళు బండలయ్యాయి.

వదిన వచ్చింది. పులుసు మాట అంది.

జవాబు నాలుక చివర సిద్ధంగా ఉంది. కానీ సంతకం ఫైల్లో ఉంది. గొడవలో నేను గెలవాలి. పైడితల్లి తల దించుకుని పరిగెత్తింది. వదిన మళ్ళీ అంది. పైడితల్లి మళ్ళీ ఊరుకుంది. అలా నాలుగు కిలోమీటర్లు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి గెలుస్తున్న వదిన కూడా ఏదో తప్పిపోయినట్టు వెనక్కి తిరిగి చూసింది, ఒక క్షణం ఆగింది, తర్వాత విసుగుపుట్టి వెళ్ళిపోయింది. ఆవిడ వెళ్ళిపోయాక కాళ్ళను లాగడానికి ఏమీ మిగల్లేదు. గట్టు మీద ఒక కల్వర్టు కనబడింది. దాని మీద కూర్చుంది.

కళ్ళు తెరిచేసరికి హాల్లో ఖాళీ కుర్చీలు, దాలినాయుడు మాత్రమే ఉన్నారు.

"ఎంతదాకా వొచ్చినావు తల్లీ?"

"ముప్పై నాలుగు మీద ఆరొందల మీటర్లు."

"మరి సెయ్యెత్తీరాదా? ఎప్పుడో పొద్దున్న ఎత్తీసుంతే జట్టులో ఉందువు కదా."

"నాను అక్కడ కల్వర్టు మీద కూకున్నాను నాయుడుగోరూ. ఇక్కడ సెయ్యెలగ ఎత్తుతాను?"

దాలినాయుడు ఆమెకోసం దాచిన పులిహోర పొట్లం చేతిలో పెట్టాడు. ఆమె తెరవలేదు. జట్టు మూడు పేర్లూ హాలు బయట అప్పటికే అతికించి ఉన్నాయి. ఆమె వాటిని తప్పించుకుని వెళ్ళాలంటే వేరే ద్వారం లేదు. చదువుతూనే వెళ్ళింది.

*

అఖిల భారత పోటీ నిర్వాహకుల దగ్గరినుంచి పది రోజుల తర్వాత ఒక లేఖ వచ్చింది. పరుగును పాదాలతో పరిగెత్తాలనీ, ప్రతి ఒక్కరి బూటుకూ ఒక చిప్ కడతామనీ, అది కదిలితేనే లెక్కనీ అందులో ఉంది.

"ఇలాంటి పాతకాలపు దృక్పథం ఇంకా ఉందన్నమాట," అన్నారు సూర్యప్రకాశంగారు.

లలితాకుమారి మోకాళ్ళు పట్టుకుంది. "సార్, నా సంగతి మీకు తెలుసు."

సూర్యప్రకాశంగారు బోర్డు దగ్గరకు వెళ్ళి కాలువ గీశారు. గీశాక దారి కనబడింది. ఏ కాలువనైనా మంజూరు చేసేవాళ్ళు ఒకరు, మట్టి తవ్వేవాళ్ళు ఒకరు. శిలాఫలకం మీద తవ్వినవాళ్ళ పేరు ఏనాడైనా ఉందా? పరుగులో మాత్రం ఈ రెండు పనులూ ఒకే మనిషి ఎందుకు చెయ్యాలి?

ఉత్తర్వు ఇలా వచ్చింది: జట్టు సభ్యుల మానసిక భాగాన్ని ఎంపికైన ఆఫీసు సిబ్బందే నిర్వహిస్తారు. శారీరక భాగాన్ని లస్కర్ల నుంచి సమకూర్చాలి. దాలినాయుడు తన మోపెడ్ మీద తిరుగుతూ రాసుకున్న నిజం సమయాల చీటీ తీశాడు. అందులో మొదటి పేరు ఎవరిదో ఆయనకు చూడకుండానే తెలుసు. జట్టు జాబితాలో మొదటి వరస ఇలా అచ్చయింది: డి. లలితాకుమారి (శారీరక సహాయం: ఎం. పైడితల్లి).

పిలిచి చెప్పినప్పుడు పైడితల్లి ఆ వరసను చాలాసేపు చూసింది. బ్రాకెట్లలోనైనా జట్టులోనే ఉంది. నలభై రెండు కిలోమీటర్లు బ్రాకెట్లలో పట్టవు కదా అనుకుంది. తర్వాత ఒక భయం పట్టుకుంది.

"సార్, పరిగెడతన్నప్పుడు మరి నానేటి అనుకోవాల?"

సూర్యప్రకాశంగారు ఫైలు ముందుకూ వెనక్కూ తిప్పారు. "నీ మనసు ఈ ప్రతిపాదనలో లేదు."

"నేదంతే?"

"దానికి కేటాయింపు లేదు. అందులో ఏం జరిగినా శాఖకు సంబంధం లేదు."

"మా వొదిన రాసిన కాయితమో?"

"ఆ పత్రం మానసిక భాగానికి జత అయి ఉంది. కాబట్టి అది ఇప్పుడు మేడమ్‌గారికి వర్తిస్తుంది."

లలితాకుమారి ఉలిక్కిపడింది. "నాకా సార్?"

"ముప్పై కిలోమీటర్లు దాటాక మీరు ఈవిడ వదినతో గొడవపడి ఓడిపోవాలి. షరతు స్పష్టంగా ఉంది."

పైడితల్లి గదిలోంచి బయటకు నడిచింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక ప్రభుత్వ ఉత్తర్వు తనను పూర్తిగా, లిఖితపూర్వకంగా తన మానాన వదిలెయ్యడం అదే మొదటిసారి.

*

పోటీ పొరుగు రాష్ట్రంలో, ఒక సముద్రపు ఊళ్ళో జరిగింది. గీత పక్కన షామియానా వేసి మూడు కుర్చీలు వేశారు. తుపాకీ పేలగానే ఎంపికైన ముగ్గురూ ఆ కుర్చీల్లో కళ్ళు మూసుకున్నారు. పైడితల్లి పరిగెత్తింది.

ముప్పై దాకా ఏమీ లేదు. సముద్రం ఒకవైపు ఉంది, చుట్టూ వేరే రాష్ట్రాల లస్కర్ల ఊపిరి చప్పుడు ఉంది. ముప్పై ఒకటి దాటి కాళ్ళు బండలయ్యాక ఆమె వెతికింది. వదిన లేదు. ముప్పై రెండు. లేదు. పత్రంతోపాటు మనిషి కూడా మేడమ్‌గారికి వెళ్ళిపోయిందేమోనని రోడ్డుకు రెండువైపులా చూసింది. ముప్పై మూడు దగ్గర, కల్వర్టు మీద కూర్చుని ఉంది అప్పలకొండ. "ఏటే, ఆ రోజు నోరిప్పనేదేటి," అంటూ లేచి పక్కన పరుగందుకుంది.

అలాంటి గొడవ ఇంతకుముందెప్పుడూ జరగలేదు. సంతకం పెట్టినప్పటి నుంచి వదినకు బలం పెరిగింది. పులుసు దగ్గర మొదలెట్టి పెళ్ళిచూపుల దాకా వెనక్కి వెళ్ళింది. పైడితల్లి ఒక్క మాటా వదల్లేదు. నలభయ్యో కిలోమీటరు దాకా ఎవరు గెలుస్తారో ఆమెకే తెలియదు. నలభై ఒకటి దగ్గర వదినకు మాట తట్టలేదు. పైడితల్లి ఆగలేదు. మూడు గంటల తొమ్మిది నిమిషాలకు గీత దాటింది. మూడో స్థానం. రాష్ట్రానికి అంత మంచి స్థానం అంతకుముందు రాలేదు.

షామియానాలో లలితాకుమారి కళ్ళు ఒత్తుకుంటోంది. ముప్పై ఎనిమిది నిమిషాల్లోనే ఆమె మొదటి స్థానంలో వచ్చింది గానీ, మధ్యలో ఎవరో మొహమెరగని ఆవిడ పులుసు గురించి అనరాని మాటలందట, షరతు వల్ల ఒక్క జవాబూ చెప్పలేకపోయిందట. జాబితాలో పేరు ఆమెదే గనక పతకం ఆమె మెడలో వేశారు. ఏడుపు మాత్రం వెంటనే ఆగలేదు.

తిరిగొచ్చిన వారానికి పైడితల్లికి మెమో వచ్చింది. మానసిక భాగం మొదటి స్థానం సాధించినప్పటికీ శారీరక భాగం మూడో స్థానంతో సరిపెట్టడానికి కారణాలేమిటో మూడు రోజుల్లో సంజాయిషీ ఇచ్చుకోవాలి.

ఆ కాగితం, ఒక తెల్ల కాగితం పట్టుకుని ఆమె అప్పలకొండ ఇంటికి వెళ్ళింది. ఎందుకక్కడికే వెళ్ళిందో ఆమెకే తెలియదు.

"ఎవులు గెలిచినారు?" అంది అప్పలకొండ, కూర్చోమనకుండానే.

"నానే."

"నాను రాసిన షరతో?"

"అది మేడమ్‌గారికి ఎల్లిపోయింది. ఆవిడి బుర్రలో నువ్వే గెలిచినావు. ఏడిపించీసినావంట."

"ఎవులా మేడమ్? నానేటన్నాను ఆవిణ్ణి?" అప్పలకొండ కాస్త గర్వంగా, కాస్త జాలిగా అడిగింది. తర్వాత మెమో చదివింది, పెదవులు కదుపుతూ, మొదటినుంచి చివరిదాకా. "దీనికి తల దించీకు. రాయి."

పైడితల్లి గడపలో కూర్చుని మోకాలి మీద కాగితం పెట్టుకుంది. ఏం రాయాలో వెతుక్కోవాల్సిన పని లేదు.

"అయ్యా, నా ముందు ఇద్దరు పరిగెత్తారు. వారు నాకన్నా జోరుగా పరిగెత్తారు. ఇంతకన్నా కారణం లేదు."

అప్పలకొండ వంగి చూసింది. "ఇందులో గొడవెక్కడుందే?"

"నేదొదినా."

"మరి ఆళ్ళు ఒప్పుకుంతారా?"

"తెల్దు," అంది పైడితల్లి. కింద తన పేరు రాసింది, బ్రాకెట్లు లేకుండా, ఇంటిపేరుతో సహా.